మిక్సింగ్ వాళ్లు లావెండర్ చూడబోయిన ఆదివారం

లావెండర్ తోట గురించి మా మిల్లుండే పీలమేడు మొత్తంలో నాకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. నాలుగు తడవలు పోయొచ్చినోణ్ణి. ఆ తోట కొండమీద నలబై మైళ్లు పరుచుకొని ఉంటుంది. పూలు పూసినప్పుడు ఆ వాసనకి కాకులు మత్తెక్కి చెట్లమీదనించి టపటపా రాలతాయి. తోట సొంతగాడు తెల్లదొర. నన్ను చూస్తే టోపీ తీసి, "సాప్టియా చిన్నప్పా?" అని నేను తిన్నానో లేదో అరవంలో అడుగుతాడు.

ఈ మాటలు నేను మిల్లులో దూది ఏకే కార్డింగ్ డిపార్ట్‌మెంటులో ఏడాదిగా చెప్పుకుంటా ఉంటిని. మిషన్ల శబ్దంలో ఎవరికీ సగం కూడా వినపడదు గనక ఎవరూ అడ్డం చెప్పలేదు. బేళ్లు విప్పి దూది కలిపే మిక్సింగ్ వాళ్లు మాత్రం నమ్మేసిరి. ప్రతి ఏడూ చిత్తిరై నెల ఎండల్లో ఒక ఆదివారం మిక్సింగ్ వాళ్లంతా బస్సు మాట్లాడుకొని ఒక దినం ఎక్కడికైనా పోయేది వాడుక. ఎప్పుడూ అవినాశి గుడికే పోతారు. యాబై ఎనిమిదో ఏడు మాత్రం, "చిన్నప్పన్ చెప్పే ఆ పూలతోటకి పోదాం" అనిరి. మా అమ్మ నాగమ్మాళ్‌కి మిక్సింగ్‌లోనే పని. అందుకని నేనూ ఎక్కితిని. నాతోబాటు నా సావాసగాడు యేసుదాస్.

మెట్టుపాళయం దాటినాక రోడ్డు రెండుగా చీలె. డ్రైవర్ బస్సు నిలిపి వెనక్కి తిరిగి, "తంబీ, కోత్తగిరికా, కూనూరుకా?" అని అడిగె.

"ఏ రోడ్డు బాగుంటే ఆ రోడ్డు" అంటిని.

ముందు సీట్లోనించి మా అమ్మ మెడ తిప్పి చూసె. "నాలుగు తడవలు పోయినానంటివే?"

"నాలుగు తడవలూ నిద్రపోతానే పోతినమ్మా."

"దొర టోపీ తీసింది కూడా నిద్రలోనేనా?" అనె యేసుదాస్.

బస్సు మొత్తం నవ్వె. నేను మెట్టుపాళయం దాటి అంగుళం కూడా పోయినోణ్ణి కాదని చిన్నపిల్లలతో సహా అందరికీ తెలిసిపోయె. ఏదో పూలతోట కోత్తగిరి పక్క ఉందని డ్రైవర్ ఎప్పుడో వినుంటే, ఆ పుణ్యాన బస్సు ఆ పక్క తిరిగె. లావెండర్ అనే మాట నేను చదివింది ఒక పౌడర్ డబ్బా మీద. ఆ డబ్బా కూడా మాది కాదు.

కొండ ఎక్కేకొద్దీ మబ్బు కిందికి దిగె. కింద మిల్లులో దూది ఎగిరినట్టే ఉండె, కాకుంటే తడి దూది. చలి ఎంతంటే, యేసుదాస్ మూడో మలుపులో తిట్టిన తిట్టు గడ్డకట్టి ఆరో మలుపులో కరిగి నా చెవికి చేరె. ఆడవాళ్లు చీర కొంగులు తలమీద కప్పుకొని ముడుచుకొని కూర్చొనిరి. వెనక సీట్లో అప్పసామి మామ దగ్గతా ఉండె. ఒక్కొక్క దగ్గుకీ బస్సు ఒక గజం వెనక్కి జారతా ఉందని నేను అంటిని. మామ కూడా నవ్వి, నవ్వినందుకు ఇంకా కొంచెం దగ్గె.

మామ అంటే మా అమ్మకి సొంత అన్న. అత్త పోయినప్పట్నించి పక్కనే మిల్లువాళ్లిచ్చిన లైన్ ఇంట్లో ఒక్కడే ఉండి, మా ఇంట్లో తింటాడు. మిల్లులో ఆయన పేరే 'ముక్కు'. మేనేజర్ కూడా అట్లనే పిలుస్తాడు. కళ్లు మూసుకొని ఒక గుప్పెడు దూది ముక్కు దగ్గర పెట్టుకొంటే, ఇది కంబోడియా రకం, ఇది కరుంగన్ని రకం, ఇది వానలో తడిసిన బేలు మూట అని చెప్పేస్తాడు. కానీ ఆయనకి పేరొచ్చింది దాంతో కాదు. దూది బేల్లో ఎక్కడో ఇనపముక్క రాసుకొని నిప్పురవ్వ పుడితే, మంట బయటికి రాదు. లోపల్లోపలే గంటలకొద్దీ కాలతా ఉంటుంది. కంటికి పొగ కనపడిందంటే ఆ రూములో ఉన్నోళ్లకి అప్పటికే పొద్దుపోయినట్టు. ముందుగా పట్టేది ముక్కు ఒకటే. ఐదేండ్ల ముందర ఒక మధ్యాహ్నం మామ ఉన్నట్టుండి లేచి, పొగలేదు గిగలేదు, "లేవండి, లేవండి" అని అరిచి పద్నాలుగుమంది ఆడవాళ్లని జుట్టు పట్టి బయటికి ఈడ్చె. మా అమ్మని అందరికంటే ముందు ఈడ్చె. ఆఖరి మనిషి వాకిలి దాటిన కొంతసేపటికి రూము మొత్తం అంటుకొనె.

ఆ మర్నాటినించి మామకి వేరే పని లేదు. మిక్సింగ్‌లో తిరగతా వాసన చూడాల, అంతే.

తోట గేటు దగ్గర కాళి అనే ముసిలి కావలివాడు కంబళి కప్పుకొని కూర్చోని ఉండె. మమ్మల్ని చూసి లేవను కూడా లేదు. "దొర పోయి రెండేండ్లాయె. చూసేదేం ఉంది? సరి, పోండి" అనె.

నలబై మైళ్ల తోట కొండచరియలో కోసిన మూడు మెట్లే ఉండె. బూడిదరంగు పొదలు, మధ్య మధ్య ఎండిపోయినవి, అక్కడక్కడ ఊదారంగు పూలు నాలుగు. తైలం తీసే రాగి బాన ఒకటి పక్కన చిలుము పట్టి, లోపల వాననీళ్లు నింపుకొని కూర్చోని ఉండె. పైనించి సన్నగా తుంపర.

"ఇదేనా?" అనె పొన్ను. మా అమ్మతో మిక్సింగ్‌లో పనిచేసే పొన్నుకి ఏడో నెల. కడుపు పట్టుకొని అంత దూరం ఎక్కొచ్చిన మనిషి. "మా ఊరి గట్టుమీద తుమ్మిచెట్లు దీనికంటే బాగుంటాయి గదా."

"కాకులెక్కడరా రాలింది?" అని యేసుదాస్ నేలంతా వెతికె.

"రాలినవన్నీ పోయినవారమే ఊడ్చేసినారు" అంటిని.

మా అమ్మ ఒక పువ్వు తుంచి వాసన చూసి, "స్నానం సోపు" అనె. ఇంకో పువ్వు తుంచి, "ఇదీ సోపే" అనె. తర్వాత ఏమనుకొనిందో, ఆ రెండూ జాగ్రత్తగా కొప్పులో పెట్టుకొనె.

మిక్సింగ్ మేస్త్రి సుందరరాజన్ గొడుగు పట్టుకొని మధ్య మెట్టుమీద నిలిచి అందర్నీ దగ్గరికి పిలిచె. ఆయన నాయుళ్ల ఇంటి మనిషి, మిల్లు సొంతగాడైన ముదలాళికి దూరపు చుట్టం. మంచోడే, కానీ నలుగురు కనపడితే మీటింగు పెట్టకుండా ఉండలేడు.

"సంతోషమైన మాట ఒకటి. రేపు సోమవారం కొత్త గోడౌన్ తెరుస్తా ఉండాం. మిక్సింగ్ ఆడవాళ్లంతా అక్కడికి మారతారు. ఇప్పుడుండేదానికి మూడింతలు. ఒకే వాకిలి, తడిగాలి రాకుండా కిటికీ జన్నళ్లు లేకుండా కట్టినాం. ఎవరికీ భయం వద్దు. వాకిలి దగ్గర నిలబడేది మన ముక్కు. తాళం అప్పసామి చేతికే ఇస్తా ఉండాను."

అందరూ చప్పట్లు కొట్టిరి. మామ తల వంచుకొనె.

నేను అప్పటికే ఒక పని చేసిపెట్టుకొని ఉంటిని. చేతి గ్రీజు తుడుచుకునేదానికి మేము వేస్ట్ దూదిని దీపంలో పోసే సీమనూనెలో తడిపి డబ్బీలో పెట్టుకుంటాం. దాన్నుంచి ఒక ఉండ చేసి, ఊదాపూలు చుట్టూ కట్టి, మంచి గుత్తి ఒకటి తయారుచేస్తిని. మామ దాన్ని ముక్కు దగ్గరికి తేకముందే నా చెవి మెలిపెడతాడు, అందరూ నవ్వుతారు, తోట చూసి ఏడుపుమొహాలు పెట్టినోళ్లకి కొంచెం పొద్దుపోతుంది. అంతే నా లెక్క.

"మామా, నీ ముక్కుతోనే చెప్పు. ఇది అసలైన లావెండరా, నకిలీదా?"

మామ గుత్తి తీసుకొనె. మిక్సింగ్‌లో చేసినట్టే కళ్లు మూసె. ముక్కుకి ఆనించి నిండుగా పీల్చె. నేను చెవి మీద చెయ్యి అడ్డం పెట్టుకొని నిలిస్తిని.

"ఆహా" అనె మామ. "అసలైందే. తేనె మాదిరి ఉందిరా. అడుగున కొంచెం ఏలక్కాయ."

"ఏలక్కాయనా!" అని పొన్ను నోరు తెరిచె. "ముక్కంటే ముక్కే."

నా చెయ్యి చెవిమీదే ఉండిపోయె. సీమనూనె వాసన రెండడుగుల దూరంలో ఉన్న నాకే కొడతా ఉంది. మామ మొహంలో ఆటలేదు. తేనె అన్నోడు నిజంగా తేనె అనే అన్నాడు.

"ఇట్ల తే అప్పసామి, నేనూ చూస్తా" అని మేస్త్రి చెయ్యి చాచె.

నేను జారినట్టు మామ మీద పడితిని. గుత్తి లాక్కొని, లేస్తా లేస్తా కింది లోయలోకి విసిరితిని. "ఐయో, పాము మాదిరి కనపడె" అంటిని. మేస్త్రి నన్ను ఒక తిట్టు తిట్టి గొడుగు దులుపుకొనె. అందరూ నవ్విరి. మామ ఒక్కడు నన్నే చూస్తా ఉండె, ఏం జరిగిందో తెలియనట్టు.

అన్నం తినేటప్పుడు నా కన్ను మామ మీదే ఉండె. మామకి జలుబు చేసుంటుంది, అంతే అనుకుంటిని. ఎవరికైనా కొండమీద ముక్కు పట్టేస్తుంది గదా. అట్ల అనుకుంటానే ఉంటిని, అయినా నా కాళ్లు ఊరుకోలేదు. మామ రాగి బాన వెనక ఒక రాయిమీద ఒక్కడే కూర్చోని లోయ చూస్తా ఉండె. నేను చప్పుడు లేకుండా వెనక్కి పోయి, ఆయన నడుముకి ఒక గజం దూరంలో పొడి దూది ఒక గుప్పెడు పెట్టి అగ్గిపుల్ల గీస్తిని. మంట ఊదేసి కాలనిస్తిని.

కాలిన దూది వాసన నిద్రలో తగిలినా మిల్లులో పనిచేసేవాడు లేచి పరిగెత్తుతాడు. గాలి నేరుగా మామ మీదికి కొడతా ఉంది. మామ కదల్లేదు. వేలితో రాయిమీద ఏదో తాళం వేసుకుంటా కూర్చోని ఉండె. నేను మనసులో లెక్కపెడితిని. అరవై దాటె. నూరు దాటె.

తర్వాత పొగ ఆయన కంటి ముందర పోయె. పొగ కనపడంగానే మామ ఒక్క గంతులో లేచె. "లేవండి! నాగూ, లేవండి!" అని మా అమ్మ పేరు పెట్టి అరిచి, అటూ ఇటూ తిరిగి, దూది కనపడంగానే వట్టిచేత్తో దానిమీద కొట్టి కొట్టి ఆర్పె. అంతా అయినాక తలెత్తి, అగ్గిపెట్టె పట్టుకొని నిలబడిన నన్ను చూసె.

మబ్బుకి ఆయన అరుపు ఎవరికీ వినపడినట్టు లేదు.

"గుత్తిలో ఏం పెట్టినావురా?" అని మెల్లగా అడిగె.

"సీమనూనె."

మామ రాయిమీద మళ్లీ కూర్చొనె. అరచెయ్యి కమిలి ఎర్రగా ఉండె. దాన్ని చూసుకుంటా, "పోయిన దీపావళి అప్పుడు మొదలాయె" అనె. "ముందు మీ అమ్మ పులుసు వాసన పోయె. ఉప్పు తక్కువేసిందనుకుంటిని. తర్వాత సోపు. తర్వాత దూది. పొంగల్‌కి ఏమీ మిగల్లేదు. ఇరవైరెండేండ్లు ఆ దుమ్ము పీలిస్తిని గదా, లోపల మొత్తం దూదే ఉంటుందిలే."

"అమ్మకి చెప్పు మామా."

"మీ అమ్మకి చెప్తే ఊరికి చెప్పినట్టే. దాని నోరు నీకు తెలియదా?"

"అయితే మేస్త్రికి చెప్పు."

"చెప్తే? 'ముక్కు లేని ముక్కు ఎందుకు' అని పంపించేస్తారు. లైన్ ఇల్లు ఖాళీ చెయ్యాల. ఈ దగ్గు విని ఏ మిల్లువాడు గేటు లోపలికి రానిస్తాడు? ఇంకో మూడేండ్లు అల్లుడా, రిటైర్ అయ్యేదాకా. నేను కంటితో చూసుకుంటాను. రెప్ప వెయ్యను. చూసినావు గదా, ఎట్ల లేస్తినో."

నూరుకి పైన లెక్కపెట్టినానని నేను చెప్పలేదు.

"ఎవరికీ చెప్పనని చేతిలో చెయ్యి పెట్టు" అని కమిలిన చెయ్యే చాచె. నేను చెయ్యి పెడితిని. ఆ చెయ్యి ఐదేండ్ల ముందర మా అమ్మ జుట్టు పట్టి ఈడ్చిన చెయ్యి. దాన్ని ఎట్ల కాదనేది? నొప్పికి మామ మొహం ఒకపక్కకి తిరిగె, అయినా విడవలేదు.

దిగేటప్పుడు బస్సులో ఒక్కటే సందడి. ఆడవాళ్లు పాట ఎత్తుకొనిరి. తోట బాగాలేదన్నోళ్లే ఇప్పుడు ఆహా ఓహో అంటా ఉండిరి. నేను కిటికీ పక్కన కూర్చోని తుంపర చూస్తిని. కొత్త గోడౌన్ లోపల పద్నాలుగు మంది. ఒక్క వాకిలి. మా అమ్మ కూర్చునేది ఎప్పుడూ లోపలి గోడ పక్కన, చల్లగా ఉంటుందని.

"ఏందిరా, నోట్లో లావెండర్ నాటుకున్నావా?" అని యేసుదాస్ పొడిచె. నేను మొహం బయటికి తిప్పుకొంటిని. వాడు కొంచెంసేపు చూసి, "కొండదెయ్యం పట్టింది వీడికి" అని ఇంకో సీటుకి పోయె.

మెట్టుపాళయంలో దీపాలు పెట్టే పొద్దుకి టీ అంగడి దగ్గర బస్సు నిలిచె. అందరూ దిగిరి. మామ చేతికి తుండు చుట్టుకొని, రాగి బాన ఒరుసుకొనిందని చెప్పి, మేస్త్రి పక్కన బెంచీ మీద కూర్చోని ఉండె. నేను బస్సు వెనకచక్రం దగ్గర నిలబడి ఉంటే మా అమ్మ రెండు గ్లాసులు పట్టుకొని వచ్చె.

"ఏం చేసినావు?" అనె.

"ఏమీ లేదే."

"పొద్దున్నించి వాగినోడివి అన్నం తిన్నప్పట్నించి మూగోడివైతివి. ఏం చేసినావో చెప్పు."

నాకు చేతయిన పనే చేస్తిని. "బాన వెనక పులిని చూస్తినమ్మా. దాని భయం ఇంకా పోలేదు."

అమ్మ టీ ఊదుకుంటా, "పులి ఎంత పొడుగు?" అని అడిగె.

"ఒక... నాలుగడుగులు ఉంటుంది."

అమ్మ గ్లాసు దించి బస్సు మెట్టుమీద పెట్టె. నా మొహం చూసె. "నాలుగడుగులా? నువ్వు నాలుగడుగులు అనేవాడివి కాదు. మన ఇంట్లో ఎలక్కే నువ్వు ఆరడుగులు చెప్పినావు. ఏందిరా జరిగింది? ఎవరికేమైంది?"

ఒక చెయ్యి నా భుజమ్మీద వేసె. కొప్పులో ఆ రెండు పూలూ వడలిపోయి వేలాడతా ఉండె. నేను చెప్పేస్తిని. సీమనూనె, తేనె, ఏలక్కాయ, అగ్గిపుల్ల, నూరు, దీపావళి, చేతిలో చెయ్యి. చెప్పేదానికి టీ చల్లారినంతసేపు కూడా పట్టలేదు.

అమ్మ బెంచీ పక్క చూసె. మామ ఏదో చెప్తా ఉంటే పొన్ను నవ్వుతా ఉండె.

"రేపు నేను ఎక్కడ కూర్చుంటానో నీకు తెలుసు" అనె అమ్మ.

"తెలుసు."

"పొన్ను ఎక్కడ కూర్చుంటుందో తెలుసు."

"తెలుసమ్మా."

"తెలిసే నోరు మూసుకొని దిగొస్తా ఉండావా?"

"అవునమ్మా."

కొడుతుందనుకుంటిని. కొట్టలేదు. కొంగు నోట్లో కుక్కుకొని బస్సు రేకుకి ఆనుకొని నిలిచె. తర్వాత, "నా నోటితో నేను చెప్పలేనురా" అనె. "ఆయన ఈడ్చకపోతే నేను లేను. పో. నువ్వే పోయి చెప్పు. అందరి ముందర చెప్పు."

బస్సునించి బెంచీకి పదిహేనడుగులు. పదిహేనే. మామ నేను వచ్చేది చూసె, నా వెనక మా అమ్మని చూసె. పక్కకి జరిగి నాకు బెంచీమీద చోటిచ్చె. నేను కూర్చోలేదు.

"మేస్త్రి అయ్యా, మా మామకి వాసన తెలియదు. ఆరు నెలలాయె" అంటిని.

అందరూ విరగబడి నవ్విరి. "దొర టోపీ కథ అయిపోయె, ఇప్పుడు ఇదా?" అనె యేసుదాస్. పొన్ను కడుపు పట్టుకొని, "నవ్వించొద్దురా, నొప్పి వస్తుంది" అనె. మేస్త్రి కూడా గొడుగు నేలమీద కొట్టి నవ్వి, "చూసినావా అప్పసామి నీ అల్లుణ్ణి" అని మామ మొహం చూసె. చూసి, ఆయన నవ్వు సగంలో నిలిచిపోయె. మామ తుండు చుట్టిన చెయ్యి ఒళ్లో పెట్టుకొని, దానివైపే చూస్తా ఉండె.

ఒక్కొక్కరుగా నవ్వు మానిరి.

"మొదట్నించి చెప్పు" అనె మేస్త్రి.

"గుత్తిలో సీమనూనె దూది పెట్టింది నేను. మీరు వాసన చూస్తారని లోయలో పారేసింది నేను. బాన వెనక నిప్పు పెట్టింది నేను. ఆయన చెయ్యి కాలింది దానివల్లే. నూరుదాకా లెక్కపెడితినయ్యా, ఆయనకి తెలియలేదు. ఎవరికీ చెప్పనని ఒప్పుకొని బస్సెక్కింది కూడా నేనే" అంటిని.